ఎర్లాంగు మహాశయుని జీవితము

ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగు 1878 జనవరి 1వ తేదీన డెన్మార్కు దేశమున లోన్‌బోర్గ్ గ్రామమందు ఒక బడిపంతులుకు జన్మించెను. 1901లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కొన్నియేండ్లు ఉపాధ్యాయుడుగా నుండి, 1908లో ఆ నగరపు టెలిఫోను కంపెనీలో చేరెను.

అచట పిలుపులు అనేకములు, తీగెలు కొన్నియే. తీగెలన్నియు పనిలో నున్నపుడు వచ్చిన పిలుపు వ్యర్థమగును. తీగెలు పెంచిన ధనవ్యయము, తగ్గించిన ప్రజలకు ఇక్కట్లు. ఎవరెప్పుడు పిలుతురో చెప్పజాలకున్నను, పెక్కు పిలుపులను కలిపి చూచిన నొక క్రమము గలదని 1909లో ఆయన నిరూపించెను. ఇన్ని తీగెలున్నచో నూటికెన్ని పిలుపులు వ్యర్థమగునో లెక్కించు సూత్రమును 1917లో ప్రకటించెను. కాగితముపై గణితముతోనే తృప్తి నొందక, నిచ్చెన మోయు పనివానిని వెంటగొని, వీధులక్రింది గోతులలోనికి దిగి విద్యుత్తును కొలిచెడివాడు.

ఒక పిలుపు పెక్కు తీగెల వరుసలను దాటవలసి వచ్చినపుడు సరియైన లెక్క దుస్సాధ్యము. అట్టియెడ నేటివారు ఒక్కొక్క వరుసను వేరుగా నెంచి, ఆ సూత్రమునే మరల మరల ప్రయోగించి, సత్యమునకు సమీపమైన ఫలమును సాధించుచున్నారు.

ఎర్లాంగు అవివాహితుడు, దీనులకు ఉదారముగ సాయపడెను. 1929 ఫిబ్రవరి 3న, 51వ యేట దివంగతుడయ్యెను. 1946లో టెలిఫోను పిలుపుల భారమును కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే పెట్టిరి. బాలబాలికలారా! కొలదిపాటి వనరులను పలువురకు న్యాయముగ పంచుటకు దయయొక్కటే చాలదు, లెక్కయు వలయునని ఈ చరిత్ర బోధించుచున్నది.