బిషప్పు అజరయ్యగారు – డోర్నకల్ కథీడ్రల్

మొదటిసారి మన డోర్నకల్ కథీడ్రల్‌ను చూచినవారు ఇది కోవెలయా, మసీదా అని అడుగుట మేము విన్నాము. అందుకు నొచ్చుకొననక్కరలేదు. అది ఈ దేశపు కట్టడముగా కనబడవలెననియే దానిని కట్టించిన బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు కోరిరి.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామములో ఒక పల్లె గురువుగారి ఇంట జన్మించిరి. చదువు ముగిసిన పిమ్మట వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగిరి. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అచ్చటి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్త పని జరిగించుట చూచిరి. మనము మాత్రము ఇంకను దొరల చేతివైపే చూచుచున్నామే అన్న బాధ ఆయనను వదలలేదు. మరుసటి యేటనే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. పనివారు ఈ దేశస్థులే, డబ్బు ఈ దేశపుదే, పెత్తనమును ఇచ్చటివారిదే. ఆ సొసైటీ నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును తన పొలముగా ఎన్నుకొన్నది. 1909లో అజరయ్యగారే పేరున్న ఉద్యోగము విడిచి, గురుత్వము స్వీకరించి, మన తెలుగు నేర్చుకొని ఇచ్చటికి వచ్చిరి.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుని చేతిక్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురని మిషనరీలలో కొందరు ఆక్షేపించిరి. మొదట చిన్నదిగా ఉన్న మండలము కాలక్రమమున కృష్ణా జిల్లావరకు పెరిగినది. తెల్ల మిషనరీలును ఆయన క్రింద పనిచేసిరి.

కథీడ్రల్ పని 1914లో మొదలైనది. అది యుద్ధము వచ్చిన సంవత్సరము. ప్రతిష్ఠ జరిగినది 1939 జనవరి 6న, తూర్పుదేశపు జ్ఞానులు యేసుబాలుని దర్శించిన పండుగ దినమున. అందుకే దానికి ఎపిఫనీ కథీడ్రల్ అని పేరు. ఇరువది అయిదేండ్లా అని ఆశ్చర్యపడువారున్నారు. మాకు అది ఆలస్యముగా తోచదు. ఆ కాలపు మన సంఘస్థులలో ఎక్కువమంది మాల మాదిగ పేటలవారు, కూలికి గింజలు తెచ్చుకొనువారు. వారి ప్రార్థన గృహములు మట్టిగోడలు, తాటాకు కప్పులు. ఆ ఇరువది అయిదేండ్లలో ఆయన పల్లె పల్లె తిరిగి ఉపదేశకులను తయారుచేసిరి. విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది. బాప్తిస్మము పొందువారు తమ తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటింపనియెడల నాకు శ్రమ అను భావము గల పౌలు మాటను పలుకవలెనని ఆయన నియమము. చదువురాని ముసలివారుకూడ దానికి తప్పించుకొనలేదు.

గుమ్మటములు, మినారులు, కోవెల మండపమును తలపించు స్తంభములు ఆ గుడిలో ఒక్కచోట కూడినవి. కాని రాళ్లను కలుపుట సులభము, మనుష్యులను కలుపుట కష్టము. సంఘములోనికి వచ్చిన తరువాతను కులభేదము పట్టుకొని వ్రేలాడువారిని ఆయన సహింపలేదు. ఒకే బల్ల, ఒకే పాత్ర. ఈనాటికిని మాల సంఘము, మాదిగ సంఘము అని వేరుగా లెక్కించు గ్రామములు మనకు తెలియును. ఆ సంగతి దాచిపెట్టి ఆయన పటమునకు పూలదండ వేయుట మాకు మనసొప్పదు.

ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్‌గారు డోర్నకల్ స్త్రీల మధ్య చేసిన సేవకు ప్రత్యేకముగా ఒక వ్యాసము కావలెను. 1898లో వివాహమైనది మొదలు ఆమె ఆయన పనిలో పాలివారే.

భేదములు విడిచి సంఘములన్నియు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడి సమావేశమునుండి అజరయ్యగారు పాటుపడిరి. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. ఆ దినమును ఆయన చూడలేదు.