తాటిమొవ్వులోని కనిపించని శత్రువు: ఎడ్విన్ జాన్ బట్లర్ జీవితం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• సిద్ధబీజాలంటే ఏమిటో వివరించగలుగుతారు.
• తాటిచెట్ల మొవ్వుకుళ్ళు తెగులుకు కారణం చెప్పగలుగుతారు.
• బట్లర్ చేసిన కృషిని వర్ణించగలుగుతారు.

పరిచయం

మీరు గోదావరి పల్లెలో ఉన్నా, భిలాయి ఉక్కునగరంలో ఉన్నా, వానలు పడగానే పుట్టగొడుగులు మొలవడం చూసే ఉంటారు. బాగా విచ్చిన పుట్టగొడుగు తలను కోసి, మడతలున్న అడుగు భాగం కిందికి వచ్చేటట్లు కాగితం మీద పెట్టండి. దానిపై గిన్నె బోర్లించండి. మర్నాడు గిన్నె తీస్తే కాగితం మీద సన్నని పొడి గీతలు గీతలుగా కనిపిస్తుంది. ఆ పొడిలోని రేణువులే సిద్ధబీజాలు. మొక్కకు విత్తనం ఎలాంటిదో శిలీంధ్రానికి సిద్ధబీజం అలాంటిది. ఒక్కొక్క రేణువును చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. (గమనిక: మీకు తెలియని పుట్టగొడుగులను తినకండి. తాకిన తర్వాత చేతులు కడుక్కోండి.)

ఇలాంటి రేణువుల వల్లనే పైరుకు, చెట్టుకు ఎన్నో తెగుళ్ళు వస్తాయి. వాటి అధ్యయనానికి మన దేశంలో గట్టి పునాది వేసినవాడు బట్లర్. ఆయనను భారత శిలీంధ్రశాస్త్ర పితామహుడంటారు.

బాల్యం, విద్య

ఎడ్విన్ జాన్ బట్లర్ 1874లో ఐర్లండులోని కిల్కీ అనే ఊళ్ళో జన్మించాడు. చిన్నతనంలో ఆరోగ్యం సరిగా లేనందున బడి మాని, కొంతకాలం ఇంటివద్దనే చదువుకున్నాడు. బడికి దూరమైనా చదువుకు దూరం కాలేదు. 1898లో కార్క్ నగరంలోని కళాశాల నుండి వైద్యపట్టా పొందాడు. అక్కడ మార్కస్ హార్టాగ్ అనే ఆచార్యుని ప్రభావంతో నీటిలో పెరిగే బూజుల మీద ఆసక్తి కలిగింది. వైద్యవృత్తిని వదిలి ఆ మార్గంలోనే నడిచాడు.

20వ శతాబ్ది ప్రారంభంలో భారత ప్రభుత్వ ఉద్యోగిగా మన దేశానికి వచ్చాడు. బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు అక్కడ శిలీంధ్రశాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు.

గోదావరి తాటిచెట్లకు తెగులు

ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు వరుసగా చనిపోసాగాయి. ముందు మొవ్వులోని లేత ఆకు వాడిపోయేది. తర్వాత మొవ్వంతా కుళ్ళి, తల రాలి, మోడు మిగిలేది. తాటిచెట్టుకు పెరిగే మొన ఒక్కటే. అది పోతే చెట్టు మళ్ళీ చిగురించదు. కల్లు, ముంజెలు, తేగలు, ఇంటికప్పుకు ఆకు, దూలానికి మాను - ఇన్ని ఇచ్చే చెట్టు పోతే పేద కుటుంబానికి ఆధారం పోయినట్లే.

బట్లర్ కుళ్ళిన భాగాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అందులో సన్నని దారపు పోగులు, వాటి చివర చిన్న సంచులు కనిపించాయి. నీరు తగిలినప్పుడు ఆ సంచుల నుండి సిద్ధబీజాలు బయటపడి ఈదుతాయి. విద్యార్థిగా నీటి బూజులను చదివినవానికి ఈ దృశ్యం కొత్త కాదు. వాన నీరు ఆకుమట్టల మధ్య నిలవడం తెగులుకు ఎందుకు అనుకూలమో దీనివల్ల అర్థమైంది.

కారణం తెలిసింది కనుక ఉపాయం కూడా తెలిసింది. తెగులు సోకిన చెట్టు తల నరికి కాల్చివేస్తే సిద్ధబీజాలు పక్క చెట్టుకు చేరవు. అధికారులు ఊరూరా ఈ పని చేయించారు. ఒక్కసారి ఆలోచించండి: మీ చెట్టుకు ఇంకా పచ్చని ఆకులు ఉండగానే ఎవరో వచ్చి నరకమంటే వెంటనే ఒప్పుకుంటారా? కంటికి కనిపించని కారణాన్ని నమ్మి, ఒక చెట్టును వదులుకుంటేనే తోపు మిగులుతుంది.

తన మాటను తానే సవరించుకోవడం

1907లో బట్లర్ ఈ జీవికి పేరు పెట్టి, దానిని పిథియం అనే ప్రజాతిలో చేర్చాడు. పిథియంలో సంచిలోని పదార్థం బయట ఏర్పడే పలుచని బుడగలోకి వచ్చి సిద్ధబీజాలుగా విడిపోతుంది. ఫైటోఫ్తోరాలో సంచిలోపలే సిద్ధబీజాలు ఏర్పడతాయి. 1919లో ఆయనే దీనిని ఫైటోఫ్తోరా ప్రజాతికి మార్చాడు. తాను పెట్టిన పేరును తానే మార్చడానికి వెనుకాడలేదు. నేటి శాస్త్రం మరో అడుగు ముందుకు వేసి, ఈ నీటి బూజులు నిజమైన శిలీంధ్రాలు కావనీ, గోధుమవర్ణ శైవలాలకు దగ్గరి బంధువులనీ తేల్చింది.

చివరి సంవత్సరాలు

1918లో మొక్కల తెగుళ్ళపై ఆయన రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. 1920లో ఇంగ్లండు వెళ్ళి, క్యూలో నెలకొల్పిన శిలీంధ్రశాస్త్ర సంస్థకు తొలి సంచాలకుడయ్యాడు. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1943లో మరణించాడు. పూసాలో ఆయన ప్రారంభించిన ఎండు నమూనాల సేకరణ నేడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మొవ్వు కుళ్ళితే తాటిచెట్టు ఎందుకు చనిపోతుంది?
2. చెట్టు తల నరికి కాల్చడం వల్ల ప్రయోజనం ఏమిటి?
3. మీ ప్రాంతంలో ఏదైనా పైరు తెగులును గమనించి, అది ఏ కాలంలో, ఏ భాగానికి వస్తుందో ఐదు వాక్యాలలో రాయండి.