ఆకాశానికి వాకిలి తెరిచిన వైను బప్పు

మన బంగారుపాళ్యానికి దక్షిణాన, చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల, తమిళనాడులో జవ్వాది కొండలున్నాయి. వాణియంబాడి నుంచి ఆలంగాయం మీదుగా ఆ కొండలెక్కితే కావలూరు అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ అడవి. ఆ అడవి మధ్య తెల్లటి గుమ్మటాల కింద పెద్ద పెద్ద టెలిస్కోపులున్నాయి. ఆ చోటును వెతికి పట్టుకుని, అక్కడ వేధశాల కట్టించిన మహనీయుడు డాక్టర్ వైను బప్పు. ఆయన జీవితం హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోవలసినది.

ఆయన పూర్తి పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. కుటుంబం కేరళది. అయినా ఆయన పెరిగింది, చదివింది హైదరాబాదులో. తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఆ వేధశాలను ప్రారంభించారు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆ రోజుల్లో టెలిస్కోపు సామాన్యులకు అందే వస్తువు కాదు. తండ్రి కొలువు పుణ్యమా అని ఈ పిల్లవాడికి మాత్రం ఆ తలుపు చిన్నతనంలోనే తెరుచుకుంది. నిజాం కాలేజీలో చదువుతూనే రాత్రిళ్లు మేలుకుని వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారు.

తర్వాత హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చేరిన కొద్ది నెలలకే, 1949 జూలైలో, రాత్రి ఆకాశాన్ని తీసిన ఒక ఫోటో పలకపై కొత్త తోకచుక్కను గుర్తించారు. ఆయన పేరు, ఆయనతో పనిచేసిన మరో ఇద్దరి పేర్లు కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. స్కాలర్‌షిప్ మీద చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రవాడి పేరు ఆకాశానికెక్కింది. 1952లో డాక్టరేట్ పొందారు.

అమెరికాలోనే ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన 1957లో వెలువడింది. దాన్ని విల్సన్-బప్పు ప్రభావం అంటారు. దూరంగా వెలుగుతున్న బల్బు 40 వాట్లదో 100 వాట్లదో తెలిస్తే, అది ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. నక్షత్రాల విషయంలోనూ అంతే. కొన్ని రకాల నక్షత్రాల కాంతిలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత వెడల్పును బట్టి నక్షత్రం అసలు వెలుగెంతో చెప్పవచ్చని వారిద్దరూ నిరూపించారు. దాని ద్వారా దూరం తెలుస్తుంది.

ఇంత పేరు వచ్చాక అమెరికాలోనే స్థిరపడవచ్చు. కానీ ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. ముందు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలకు సారథ్యం వహించి, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకున్నారు. అది ముఖ్యంగా సూర్యుణ్ణి పరిశీలించే చోటు. నక్షత్రాల కోసం చీకటి రాత్రులు, తేటైన ఆకాశం ఉన్న మరో చోటు కావాలి. వెతికి వెతికి కావలూరును ఎంచుకున్నారు. భూమధ్యరేఖకు దగ్గర కావడం వల్ల అక్కడి నుంచి ఉత్తర ఆకాశంతో పాటు దక్షిణ ఆకాశం కూడా చాలావరకు కనిపిస్తుంది.

1968లో 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం చుట్టూ వలయాలున్నాయని బయటపెట్టిన పరిశీలనల్లో కావలూరు కూడా పాలుపంచుకుంది.

పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయాలన్నది ఆయన పట్టుదల. 2.34 మీటర్ల అద్దాన్ని బెంగళూరులో సానబెట్టించే పని చేపట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. 1981లో పద్మభూషణ్ అందుకున్నారు. కానీ 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లే. తాను కలగన్న టెలిస్కోపును ఆయన చూడలేకపోయారు. సహచరులు దాన్ని పూర్తి చేశారు. 1986 జనవరిలో ఆ టెలిస్కోపుకు, ఆ వేధశాలకు వైను బప్పు పేరే పెట్టారు.

మిత్రులారా! పిల్లలకోడి, వేగుచుక్క మన పల్లెల్లో అందరికీ తెలుసు. పట్నం పిల్లలకు దొరకని చీకటి ఆకాశం మన పల్లెల్లో ఇంకా మిగిలి ఉంది. మనకు లేనిదల్లా బప్పుకు చిన్నప్పుడే దొరికిన టెలిస్కోపు. కావలూరులో శనివారం రాత్రులు సందర్శకులకు ఒక చిన్న టెలిస్కోపుతో ఆకాశాన్ని చూపించే ఆనవాయితీ ఏళ్లుగా ఉంది. ముందుగా కనుక్కుని, మబ్బులు లేని రోజుల్లో మన పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లాలని వార్డెన్‌గారికి, ఉపాధ్యాయులకు మనవి. పూర్వ విద్యార్థులు తలో చేయి వేస్తే హాస్టల్‌కే ఒక చిన్న టెలిస్కోపు వస్తుంది. 3 అంగుళాలది చాలు. చంద్రుడి మీది గుంటలు, గురుడి నాలుగు చంద్రులు, శని వలయం మన మిద్దె మీద నుంచే కనిపిస్తాయి. ఆ వలయాన్ని కళ్లారా చూసిన పిల్లల్లో ఒక్కరైనా బప్పు గారి బాట పడితే, మన వార్షికోత్సవానికి అంతకన్నా కావలసిందేముంది?