కార్మిక నేత గిరి హయాంలో యుద్ధ భారం

పూరీ గేట్ (ఖరగ్‌పూర్): బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమం నుంచి రాష్ట్రపతి పదవికి ఎదిగిన వరాహగిరి వెంకటగిరి జీవితంలో 1971 యుద్ధం విచిత్రమైన మలుపు.

1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించిన గిరి, 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా పోరాటం నడిపారు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు.

1969లో రాష్ట్రపతి అయిన ఆయన 1971 డిసెంబర్ 3న అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. యుద్ధం రెండు వారాల్లోపే ముగిసినా, ఖర్చు ముగియలేదు. సుమారు కోటిమంది శరణార్థుల సహాయార్థం టపాపై 5 పైసల అదనపు బిళ్ల సైతం విధించవలసి వచ్చింది. సైనిక వ్యయమొక్కటే కారణమనడం సరికాదు. 1972 కరవు, 1973 చమురు ధరలు దానికి తోడయ్యాయి. 1972-73లో ఆర్థిక వృద్ధి రేటు సున్నాకు దిగువన నిలిచింది. 1974లో ద్రవ్యోల్బణం 20 శాతం దాటింది.

జీతాలు చాలని రైల్వే కార్మికులు 1974 మే 8న దేశవ్యాప్త సమ్మెకు దిగారు. యుద్ధంనాటి అత్యవసర పరిస్థితి అప్పటికింకా తొలగలేదు. దాని అండతో అమలులో ఉన్న భారత రక్షణ నిబంధనలనే ప్రభుత్వం వారిపై ప్రయోగించింది. ఆనాడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఒకప్పటి రైల్వే కార్మిక నేతే. మే 27న సమ్మె విరమించారు.

ఆ ఆగస్టులో పదవీ విరమణ చేసిన గిరి, 1980 జూన్‌లో మద్రాసులో మరణించారు.