మూడోసారి గెలిచిన మహనీయుడు

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పది తప్పితే పుస్తకం మూసి పత్తి తీతకో మిరప కోతకో పోవడం మనమెరిగిందే. అందుకే ఈ వార్షికోత్సవాన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరిస్తున్నాము.

1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివారు. అమెరికాలో ఆసుపత్రి కూలిపని చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

ఆ రోజుల్లో పిల్లలకు రక్తక్యాన్సర్ వస్తే, కణాలు ఏ రకమైనా ఫలితం ఒక్కటే: కొద్ది నెలల్లో మరణం. ఆ కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఆ మందు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా నయమైందని 1948లో వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు.

మందు దొరికాకే కణాల తీరుకు విలువ వచ్చింది. నేడు తెల్లకణాల సంఖ్య, క్రోమోజోములు చూసి ఏ బిడ్డకు ఎంత చికిత్స కావాలో వైద్యులు నిర్ణయిస్తున్నారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

తమ్ముళ్లారా, పరీక్ష తప్పితే సప్లిమెంటరీ ఫీజు కట్టండి. పాఠాలు చెప్పడానికి పూర్వ విద్యార్థులం మేమున్నాము.