నీటి బరువు కనిపెట్టిన మనిషి – హెరాల్డ్ యూరీ

సన్నీవేల్ నుంచి బర్క్లీకి, ట్రాఫిక్ కరుణిస్తే, కారులో గంట ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి యూనివర్సిటీ చూపించడానికి మనలో చాలామంది వెళ్ళే ఉంటారు. నూరేళ్ళ కిందట, 1921లో, అక్కడి కెమిస్ట్రీ విభాగంలో 28 ఏళ్ళ విద్యార్థి ఒకరు పీహెచ్‌డీకి చేరారు. చేతిలో డబ్బు లేదు, వెనక ఆస్తి లేదు. ఎమ్మెస్సుకని రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిన మనలాంటివాళ్ళకి ఆ పరిస్థితి బాగానే అర్థమవుతుంది! ఆయన పేరు హెరాల్డ్ యూరీ. ఈనాడు మన విశాఖ తీరానికి ఆవల, బంగాళాఖాతం లోతుల్లో ప్రాణవాయువు ఎందుకు తగ్గిపోతోందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడే పనిముట్ల వెనక ఆయన చేతిపని ఉంది.

యూరీ 1893 ఏప్రిల్ 29న ఇండియానా రాష్ట్రంలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి బడిపంతులు, చర్చిలో బోధకుడు కూడా. యూరీకి ఆరేళ్ళప్పుడు ఆయన క్షయతో పోయారు. హైస్కూలు అయ్యాక యూరీ కూడా పల్లెటూరి బళ్ళలో పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, 1914లో మోంటానా యూనివర్సిటీలో చేరారు. ఖర్చు తగ్గించుకోవడానికి గుడారంలో ఉంటూ చదువుకున్నారని చెబుతారు. అక్కడ చదివింది ముఖ్యంగా జంతుశాస్త్రం. మొదటి ప్రపంచయుద్ధం రావడంతో ఫిలడెల్ఫియాలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేయాల్సి వచ్చింది. అలా దారి కెమిస్ట్రీ వైపు తిరిగింది.

బర్క్లీలో ఆయన గురువు గిల్బర్ట్ లూయిస్. అక్కడ 1923లో డాక్టరేట్ పూర్తిచేసి, ఒక ఏడాది కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ దగ్గర పనిచేసి వచ్చారు. 1929లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చేరారు.

ఇక్కడ ఐసోటోపుల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇవి ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ముల్లాంటివి. పేరు ఒకటే, గుణాలు దాదాపు ఒకటే, బరువులో మాత్రం తేడా. హైడ్రోజన్‌కి కూడా బరువైన అన్న ఒకడు ఉండాలని యూరీ ఊహించారు. అయితే అది సముద్రపు నీటిలో సుమారు 6,400 పరమాణువులకి ఒకటి చొప్పున మాత్రమే ఉంటుంది. దాన్ని పట్టుకునేదెలా? ద్రవ హైడ్రోజన్‌ని నెమ్మదిగా ఆవిరి చేస్తే తేలికది ముందు ఎగిరిపోయి, బరువైనది అడుగున చేరుతుంది. వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ నాలుగు లీటర్ల ద్రవ హైడ్రోజన్‌ని అలా ఒక్క మిల్లీలీటరు దాకా ఇగిర్చి పంపారు. కొలంబియాలో జార్జ్ మర్ఫీ, యూరీ కలిసి దాని వర్ణపటాన్ని పరీక్షించారు. 1931లో, థాంక్స్‌గివింగ్ పండుగనాడు, అనుమానానికి తావు లేకుండా సాక్ష్యం దొరికింది. అదే డ్యుటీరియం! రెండేళ్ళకి గురువు లూయిస్ బర్క్లీలో దాదాపు స్వచ్ఛమైన భారజలాన్ని తయారుచేశారు.

1934లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి యూరీ ఒక్కరికే వచ్చింది. గురువు లూయిస్‌కి అది జీవితంలో ఎన్నడూ రాలేదు. యూరీ మాత్రం వచ్చిన డబ్బులో బ్రిక్‌వెడ్‌కీ మర్ఫీకీ వాటా ఇచ్చారు. అంతకు ముందు తన పరిశోధనకి వచ్చిన గ్రాంటులో సగం తన తోటివాడైన ఇసిడోర్ రాబీకి ఇచ్చేశారు. ఆ రాబీకి కూడా తర్వాత, 1944లో, నోబెల్ వచ్చింది. పదిమంది రాసిన కోడ్‌కి ఒకరి పేరు పడడం రోజూ చూసే మన వృత్తిలో ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. అన్నట్టు, బహుమతి ప్రదానానికి యూరీ స్టాక్‌హోమ్ వెళ్ళనే లేదు. భార్య ఫ్రీడాకి నెలలు నిండాయి. ప్రసవానికి దగ్గర ఉండాలని ఇంటి దగ్గరే ఉండిపోయారు.

ఆ పదేళ్ళలోనే నైట్రోజన్-15, ఆక్సిజన్-18 వంటి బరువైన ఐసోటోపులని పోగుచేసే పద్ధతులు కూడా కనిపెట్టారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాయి.

తర్వాత యుద్ధం వచ్చింది. యురేనియం ఐసోటోపులని వేరుచేసే కొలంబియా ప్రయోగశాలకి ఆయనే అధిపతి. బాంబు తయారవుతున్న కొద్దీ ఆయన మనసు ఎదురుతిరిగింది. 1945 మే నెలలో లియో సిలార్డ్, వాల్టర్ బార్ట్కీలతో కలిసి అధ్యక్షుడు ట్రూమన్‌ని కలవాలని వైట్‌హౌస్‌కి వెళ్ళారు. వాళ్ళని అక్కడినుంచి సౌత్ కరోలినాలో ఉన్న జేమ్స్ బర్న్స్ దగ్గరికి పంపించారు. ఆయన వాళ్ళ మాట చెవిన పెట్టలేదు. ఆగస్టులో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. యుద్ధం తర్వాత యూరీ అణ్వాయుధాలకి పగ్గాలు వేయాలని ఊరూరా తిరిగి ప్రసంగించారు. 1953లో రోజెన్‌బర్గ్ దంపతులకి క్షమాభిక్ష పెట్టమని బహిరంగంగా కోరారు. ఆ రోజుల్లో అలా అడగడానికి గుండెధైర్యం కావాలి.

చికాగో చేరిన యూరీ చూపు సముద్రం మీదికి మళ్ళింది. గవ్వలు కట్టుకునే సున్నంలో ఆక్సిజన్-18 పాలు నీటి వేడిని బట్టి మారుతుందని 1947లో లెక్కకట్టి చూపించారు. ఒక డిగ్రీకి వచ్చే తేడా పదివేలలో రెండు వంతులు మాత్రమే! అంత సన్నని తేడా కొలవడానికి యంత్రాన్నే కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. 1951లో ఆయన బృందం సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందటి బెలెమ్నైట్ అనే సముద్రజీవి శిలాజాన్ని పొరపొరగా పరీక్షించింది. అది నాలుగేళ్ళు బతికి, మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, వసంతంలో చనిపోయిందని తేల్చింది. రాయి జాతకం చదివినట్టే కదూ!

సరిగ్గా అదే ఏడాది సముద్రపు ప్రాణవాయువు కథ మొదలైంది. నోరిస్ రేక్‌స్ట్రా, మాల్కం డోల్, వాళ్ళ సహచరుడు రడ్ పసిఫిక్ మహాసముద్రంలో వేరువేరు లోతుల నీటిని పైకి తోడి, అందులో కరిగివున్న ఆక్సిజన్‌ని పరీక్షించారు. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట, మిగిలినదాంట్లో ఆక్సిజన్-18 పాలు ఎక్కువగా ఉంది. కారణం సులభమే. సూక్ష్మజీవులు ఊపిరి తీసుకునేటప్పుడు తేలిక ఆక్సిజన్‌ని కాస్త ఎక్కువగా వాడుకుంటాయి. చేటలో చెరిగితే పొట్టు ఎగిరి గింజ మిగిలినట్టు, బరువైనది వెనక మిగులుతుంది. ఆక్సిజన్ ఎంత ఉందో కొలిస్తే ఖాతాలో నిలవ మాత్రమే తెలుస్తుంది. ఐసోటోపులు కొలిస్తే ఖర్చు ఎలా అయిందో కూడా తెలుస్తుంది. నీటిలోని జీవులు తినేశాయా, అడుగు బురదలో ఖర్చయిందా, పక్కనీటితో కలవడం వల్ల మారిందా అన్నది విడదీయవచ్చు. యూరీ శిష్యుడు హార్మన్ క్రెయిగ్ 1970లలో జియోసెక్స్ అనే భారీ కార్యక్రమంలో భాగంగా ఈ కొలతలని మహాసముద్రాల మీదికి తీసుకువెళ్ళారు.

ఇక మన సముద్రం. గోదావరి, కృష్ణ, గంగ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుంటుంది. ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి సులభంగా కలవదు, పై గాలి లోపలికి దిగదు. పైనుంచి రాలిన సేంద్రియ పదార్థాన్ని తింటూ సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ని ఖర్చుచేస్తాయి. కొన్ని వందల మీటర్ల మందాన అక్కడ ఆక్సిజన్ దాదాపు లేదు. 2017లో ఒక అంతర్జాతీయ బృందం, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళతో కలిసి, నైట్రోజన్-15ని ఆనవాలుగా వాడి ఈ నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. పైనీటిలో ఉండేదాంట్లో వెయ్యో వంతుకన్నా తక్కువ ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉంది. ఆ పిసరంత ఆక్సిజనే పెద్ద మార్పుని ఆపుతోంది. అది కూడా పోతే, నీటిలోని నైట్రేట్‌ని సూక్ష్మజీవులు నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేయడం జోరందుకుంటుంది. సముద్రానికి ఎరువు తగ్గిపోతుంది.

1960 నుంచి 2010 దాకా యాభై ఏళ్ళలో ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు రెండు శాతం పోగొట్టుకున్నాయి. నేను పుట్టి పెరిగింది విశాఖలో. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున దిగే చేపల బుట్టలు చూస్తూ పెరిగినవాడిని కాబట్టి, ఈ అంకె నాకు వట్టి అంకెలా అనిపించదు. ఊపిరాడని నీరు పైకి జరిగితే చేపలు బతికే పొర పలచబడుతుంది. దాని మీద బతికే ఇళ్ళ సంగతి వేరే చెప్పాలా?

యూరీ 1958లో, 65వ ఏట, మన కాలిఫోర్నియాకే తిరిగొచ్చి శాన్‌డియాగోలో కొత్తగా మొదలవుతున్న యూనివర్సిటీలో చేరారు. చంద్రుడి మీదినుంచి తెచ్చిన రాళ్ళని కూడా పరీక్షించారు. 1981 జనవరి 5న, 87వ ఏట, సముద్రపు ఒడ్డున ఉన్న లా హోయాలో కన్నుమూశారు.

ఆయన నైపుణ్యం ఒక బాంబుకి ఉపయోగపడింది, ఒక సముద్రానికీ ఉపయోగపడుతోంది. మొదటిదాన్ని ఆపాలని ప్రయత్నించి ఆయన ఓడిపోయారు. రెండోది మన చేతుల్లో ఉంది. ఈసారి బర్క్లీ వెళ్ళినప్పుడు, పల్లెటూరి బడి నుంచి అక్కడికి వచ్చిన ఆ పంతులుగారిని ఒక్కసారి తలుచుకోండి!