ఒకటిన్నర డాలరుతో మొదలైన విద్యాలయం: మేరీ మెక్లియోడ్ బెతూన్

తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్ల ముందు ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. మనం పైకి వచ్చాం సరే, మన వెనక ఉన్నవాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్నకు జీవితమంతా పనితోనే జవాబు చెప్పిన అమెరికా నల్లజాతి విద్యావేత్త మేరీ మెక్లియోడ్ బెతూన్‌ను ఈ సంచికలో మన యువతకు పరిచయం చేస్తున్నాం.

ఆమె 1875 జూలై 10న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని మేస్‌విల్ దగ్గర పుట్టారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి పదేళ్లే. తల్లిదండ్రులిద్దరూ బానిసలుగా బతికినవారు. 17 మంది సంతానంలో ఆమె 15వ బిడ్డ. చిన్ననాడే పత్తి చేలో పనిచేశారు. తెల్లవారి ఇంట్లో ఒకసారి పుస్తకం పట్టుకుంటే, చదువు రాని దానివంటూ ఆ ఇంటి పిల్ల లాగేసుకుంది. ఊరికి మిషన్ బడి వచ్చాక రోజూ మైళ్లు నడిచి చదువుకున్నారు. నేర్చుకున్నది ఇంటికొచ్చి తోబుట్టువులకు చెప్పేవారు.

దాతల సాయంతో పై చదువులు చదివారు. ఆఫ్రికాలో మిషనరీగా పనిచేయాలనుకున్నారు గానీ, నల్లజాతివారికి ఆ అవకాశం ఇవ్వలేదు. దాంతో సొంత జనం మధ్యే టీచరుగా స్థిరపడ్డారు.

1904 అక్టోబర్ 3న ఫ్లోరిడాలోని డేటోనాలో, చేతిలో ఒకటిన్నర డాలరుతో, అద్దె ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలకు బడి తెరిచారు. సామాను పెట్టెలే బల్లలు, కాలిన కట్టె ముక్కలే పెన్సిళ్లు, పండ్ల రసమే సిరా. చిలగడదుంపతో తీపి వంటకాలు చేసి అమ్మి డబ్బు కూడబెట్టారు. చెత్త పోసే స్థలాన్ని కొని, అక్కడే భవనాలు కట్టించారు. జబ్బుపడిన ఒక విద్యార్థినిని తెల్లవారి ఆసుపత్రిలో సరిగా చూడకపోవడంతో 1911లో నల్లజాతివారి కోసం ఆసుపత్రి కూడా ప్రారంభించారు.

1920లో మహిళలకు ఓటు హక్కు వచ్చాక నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించారు. ముసుగులు వేసుకున్న కూ క్లక్స్ క్లాన్ మూక బడి మీదికి వచ్చి బెదిరించినా ఆమె వెనక్కి తగ్గలేదు.

1923లో ఆ బడి కుక్‌మన్ విద్యాసంస్థతో కలిసింది. అదే బెతూన్-కుక్‌మన్ కళాశాలగా ఎదిగింది. 1942 వరకు, మళ్లీ 1946-47లో ఆమే అధ్యక్షురాలు. నేడు అది విశ్వవిద్యాలయం.

ఒక్క కళాశాల నడిపితే చాలదని, నిధులు, విధానాలు నిర్ణయించే చోట కూడా తమవాళ్లు ఉండాలని ఆమె గ్రహించారు. 1935లో నీగ్రో మహిళల జాతీయ మండలిని స్థాపించారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో జాతీయ యువజన సంస్థలో నల్లజాతి వ్యవహారాల విభాగానికి నాయకత్వం వహించారు. నల్లజాతి యువతకు చదువు, ఉపాధి శిక్షణ నిధులు చేరేలా చూశారు. వారి కళాశాలల్లో విమానం నడిపే శిక్షణ వచ్చేలా పట్టుబట్టారు. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశానికి సలహాదారుగా హాజరయ్యారు.

1955 మే 18న ఆమె కన్నుమూశారు. తాను కట్టిన విద్యాలయ ప్రాంగణంలోనే సమాధి అయ్యారు. 2022లో ఫ్లోరిడా రాష్ట్రం తరఫున అమెరికా పార్లమెంటు భవనంలో ఆమె విగ్రహం నిలిచింది. అంతకుముందు అక్కడ ఉన్నది, బానిసత్వాన్ని నిలబెట్టాలనుకున్న పక్షాన పోరాడిన సేనాని విగ్రహం.

మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ! డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడం తప్పు కాదు. దానితో పాటు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పక్కింటి పిల్లలకు ఒక పాఠం చెప్పండి. ఉపకార వేతనం దరఖాస్తు నింపడం తెలియనివారికి నింపిపెట్టండి. గ్రామసభలో కూర్చుని మాట్లాడండి. ఆ మహనీయురాలికి మనందరి జోహార్లు.